అడ్వాన్సు ఇయ్యని మేస్త్రీ

సర్కారు తుమ్మ ముల్లు
చెప్పు దాటి అరికాలుల దిగినా
మూడు రోజులు తెల్వలేదట ఆశప్పకు.
మనవరాలు చూసింది,
బండల మీద నెత్తురుతోని ఒంటికాలి అచ్చులు.

మక్తల్ దవాఖాన, డ్రెస్సింగు గది.
సచ్చిన తోలు కత్తిరించుకుంట నేను,
ఫ్యాను రెక్కలు లెక్కవెట్టుకుంట ఆయన.
నొప్పి లేదు. అదే కదా రోగం.
షుగరు ముందుగాల నొప్పినే తినేసింది.

పట్నం నుంచి వచ్చిన చిన్న ట్యూబు చూపించిన.
"ఇది తోలు కాదు ఆశప్పా,
ఒట్టి పిలుపు. మేస్త్రీ అనుకో.
కూలోళ్లు నీ ఒంట్లనే ఉన్నరు,
పుండు అంచుల కాడ
కబురు అందక కూసున్నరు."

ముప్పై ఏండ్లు మేస్త్రీల ఎన్క తిరిగి
ఊరు పేరు తెల్వని కాల్వలు తవ్వొచ్చిన మనిషి,
పకపక నవ్విండు.
"అడ్వాన్సెంత ఇస్తడమ్మా?"
"ఇయ్యడు. నువ్వే కట్టాలె."
ధర చెప్పిన. నవ్వు ఆగింది.
రెండు మేకలు అంగడికి పోయినయి.

కల్లు నురగ లేపే జీవముంటది సూడు,
గసొంటి దాంతోనే చేస్తరట దీన్ని, అని నోరు జారిన.
"గట్లయితే పూసుడెందుకు, తాగుత."

చల్లగ లేకుంటె మేస్త్రీ సస్తడు.
బస్టాండు కాడ ఖలీల్ దుకాణం ఫ్రిజ్‌ల
పాలపాకెట్ల ఎన్క, జర్దా డబ్బల,
పేరు రాసి పెట్టిచ్చిండు.
పొద్దుగాల షట్టరు లేవంగనే పోరి ఉరుకుడు,
పల్చగ పూసుడు, మాపటికి కడుగుడు.

వారం వారం ప్లాస్టిక్ కాయితం మీద
పుండు అంచు గీస్త.
మూడు వారాలు గీత మీద గీతే.
"పైసలు ఎగ్గొట్టిండమ్మా నీ మేస్త్రీ."
"ఆ కాలు మీద నిలవడ్డవా?"
నేల దిక్కు చూసిండు.
ఉపాధి పనికి పోయిండట నాలుగు రోజులు,
కాలుకు కవరు కట్టుకొని.
తిట్టిన. బాగనే తిట్టిన.
ఆ రాత్రి నాకే బువ్వ దిగలె.

ఆరో వారం పుండు అడుగున
తడిగ, ఎర్రగ, దానిమ్మ గింజలు.
పదకొండో వారం అంచుల నుంచి పల్చటి పొర,
వలస పోయినోళ్లు నడిరాత్రి బస్సు దిగి
కుక్క సుత మొరగకుంట
ఇండ్లల్లకు చేరినట్టు.

మూసుకున్న కాడ వేలు వెట్టి చెప్పిన:
"గీ తోలు పాతదంత గట్టిగుండదు.
చెమట సుత పట్టదు."
కాలు అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నడు
బేరానికొచ్చిన కోడె గిట్టను చూసినట్టు.

"చెమట పట్టని తోలు
కూలికి వోతదా అమ్మా?"

కాయితం మడిచి ఫైలుల పెట్టిన.
బయట ఇంకా ఇరవై మంది,
చీటీలు పట్టుకొని.