తుప్పు చుక్కలు

బెర్గెన్‌లో వాన ఆగిందంటే
జనం కిటికీలు తెరిచి ఏమైందని చూస్తారు.
నా గదిలో మాత్రం
ఫెర్న్ దాహంతో చస్తోంది.
హీటర్ వేడికి దాని ఆకులు
పాత ఓడ రంగులా పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నాయి.

పై అంతస్తు ఆస్లాగ్ ఇచ్చి వెళ్ళింది,
మోకాలి ఆపరేషన్, రెండు వారాలే అని.
ఇది పదకొండో వారం.

ముప్పయ్యేళ్ళు రేవులో
తుప్పు గీకిన చేతులు నావి.
ఒక రాత్రి ఆకు తిరగేస్తే
అడుగున వరసలు వరసలుగా గోధుమరంగు చుక్కలు.
ఇంకేముంది,
వెన్నకత్తి మొనతో, ఊపిరి బిగబట్టి,
ఒక్కో చుక్కా గీకేశాను.
గంటన్నర పట్టింది.

గొప్పగా ఫోన్ చేసి చెబితే
ఆస్లాగ్ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత నవ్వు. దగ్గు. మళ్ళీ నవ్వు.
"టోర్గైర్, అవి దాని పిల్లలయ్యా!"

పువ్వు లేదు, కాయ లేదు.
కాపంతా వీపున మోస్తుందని
నాకెవరు చెప్పారు?

అప్పట్నించి దాని కాపురం స్నానాలగదిలో.
వేడినీళ్ళు వదిలి నేను గుమ్మం బయట నిలబడతాను.
ఆవిరి దానికి,
మిగిలిన చల్లనీళ్ళు నాకు.
రోజూ మట్టిలో వేలు గుచ్చి చూస్తాను,
జ్వరం చూసినట్టు.

నిన్న కుండీ నడుమ
నూగు నూగుగా ఒక చుట్ట లేచింది,
తాడు చుట్టి పెట్టినట్టు బిగువుగా.
ఎవరు విప్పుతున్నారో కనపడదు,
పొద్దుటికి మాత్రం వెంట్రుకవాసి వదులైంది.

మెట్ల మీద చేతికర్ర చప్పుడు.
నా గుమ్మం దగ్గర ఆగింది.

ఇచ్చేస్తాను ఆస్లాగ్, నీదే కదా.
ఈ ఒక్క ఆకూ
విప్పుకోనీ.