ఏడో గడి

మారతహళ్ళి స్టేషన్లో ఇచ్చిన నాలుగు ఫారాలు
పోపు జిడ్డు పట్టేదాకా ఫ్రిజ్ మీదే పడుండె.
పీజీలో పనోళ్ళ పేరు, ఊరు, వేలిముద్ర.
ఏడో గడి: మాతృభాష.
నాలుగిట్లోనూ ఒకే ఊపున "నేపాలీ" అని రాసేస్తి.
నూటిరవై మందికి ఇడ్లీ ఎక్కించాల్సిన పొద్దు,
ఎవురికుంది తీరిక?

దిల్‌సరా పున్ తడి చేతులు చున్నీకి తుడుచుకొని
తన ఫారం చూసె.
"అది బళ్ళో నేర్చింది అక్కా.
బడికి ముందర నాకింకోటి ఉండె."
చెప్పింది హిందీలో,
నాకు ఎక్కింది సగం కన్నడంలో.

మే నెల. బోరు గాలి కక్కతాంది.
ట్యాంకరోడు రేపంటే రేపని
మూడు రేపులాయె.
ఖాళీ డ్రమ్ముల మీద కూచోని
మీ ఇంట్లో నీళ్ళనేమంటారని అడిగితి, ఊరికే, పొద్దుపోక.
"ది" అనె దిల్‌సరా.
అంతేనా?
అంతే. రేకు మీద ఒక్క చినుకు పడి ఆగినట్ల.
మహర్జన్ల అస్తమాన్ "లః" అని ఊపిరి వదిలె.
సుక్‌మాన్ తామాంగ్ చానాసేపు తల గోక్కొని
"మా అవ్వకు తెల్సు" అనె.
ఎవురూ నవ్వలే.
లేచి గ్యాసు బండల చాటుకు పోయి ఫోను చేసుకొనె.
తిరిగొచ్చినాక కూడా ఆ మాట మాకు చెప్పలే,
బుగ్గన పెట్టుకొని తిరిగె ఆ రాత్రంతా.

ఇంగ ఉద్గార్ సదా. సిరహా పక్కోడు, ఇంట్లో మైథిలి.
మూడో ఫ్లోరు పిల్లోళ్ళు బీహారీ అంటే
జేబులోంచి పౌరసత్వం కార్డు తీస్తాడు,
ప్రతిసారీ.
"పాని" అనె.

చేతిలో మగ్గు అట్లే నిల్చిపాయ.
కదిరి పక్కన మా తాండాలో
యాడి కడవ దించతా అనే మాట.
పాణి.
అయివారు వెక్కిరించినాడని
రెండో తరగతిలో నమిలి మింగితి దాన్ని.
మా పాప స్కూలు అప్లికేషన్లో మాతృభాష: తెలుగు.
రాసింది ఈ చెయ్యే.
ఈడ నన్ను "ఆంధ్రా ఆంటీ" అంటారు,
పలకతానే ఉండా.

రాత్రి పన్నెండుకు "నీరు బంతు" అని కేక.
అయిదుగురం పైపు లాగితిమి.
సగం సంపే నిండె,
దుడ్లు మాత్రం నిండు ట్యాంకరుకే తీసుకొనె.

తెల్లారి కొట్టేసి రాసిన ఫారాలు తీసుకపోతే
"దిద్దినవి చెల్లవు, కొత్తవి రాయండి" అనె కానిస్టేబుల్.
అయిదు ఇమ్మంటి.

"పనోళ్ళు నలుగురే కదమ్మా?"