రాలేదు

గ్రిమ్స్‌బీలో వానకి కూడా చేప వాసనే.
మూతబడ్డ బట్టల కొట్టు వెనక
మా స్క్రీనింగ్ వ్యాన్ ఆగుతుంది,
మంగళవారాలు మాత్రం.

నా పని చిన్నది.
షుగరున్న వాళ్ళ కళ్ళల్లో చుక్కలు వేస్తాను.
(మా భాషలో షుగరొచ్చింది అంటాం,
చుట్టమొచ్చినట్టు.)
ఇరవై నిమిషాలాగి
గడ్డం ఇక్కడ ఆనించండి అంటాను.
ఒక మెరుపు.
తెర మీద నారింజరంగు చందమామ లేస్తుంది,
నెత్తుటి కొమ్మలు, మధ్యన ఒక మచ్చ.
ఆ మచ్చతోనే మనం మొహాల్ని గుర్తుపట్టేది.

లొరెయిన్ థర్ల్‌బీ, యాభై ఎనిమిది.
మూడేళ్ళు వరసగా ఆ పేరు పక్కన
"రాలేదు" అని టిక్కు పెట్టాను.
గడి చిన్నది.
ఎందుకు అన్న మాట అందులో పట్టదు.
నాకూ తోచలేదు, అబద్ధమెందుకు.
ఉచితమే కదా, రావడానికేం రోగం
అనుకున్నాను టీ కలుపుకుంటూ.

నాలుగో ఏడు వచ్చింది,
మనవరాలి భుజం పట్టుకుని,
వ్యాన్ మెట్టుని కాలితో తడుముకుంటూ.
వేళ్ళ మీద కత్తిగాట్లు,
పాతవి తెల్లబడ్డాయి, మూడు ఇంకా పచ్చివి.
ఇవేమిటంటే నవ్వింది:
"ఈమధ్య చేపలే నన్ను కోస్తున్నాయి."

అప్పుడు చెప్పింది.
నేను వేసే చుక్కలకి
సాయంత్రం దాకా చూపు మసక.
మసక కళ్ళతో కత్తి పట్టనివ్వరు.
కత్తి పట్టని రోజుకి కూలి లేదు.
కూలి లేని రాత్రి మీటర్లో గ్యాసు లేదు.
"అయినా బాగానే కనపడేది కదా,
అప్పటికి."

అప్పటికి.

మా ఉత్తరాలు మూడూ
వంటింటి సొరుగులో ఉన్నాయట.
అద్దెవాళ్ళవీ, కరెంటువాళ్ళవీ, మావీ
ఒకే రకం కవర్లు,
ఏది విప్పినా భయమే.

గురువారాలు సముద్రం వైపు పేటకి వెళ్తాను.
అక్కడ పది నిమిషాలు ముందే వస్తారు,
నల్ల కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని.
కారులో భార్య ఎదురుచూస్తుంటుంది.
చక్కెర రెండు పేటల్లోనూ చక్కెరే.
సెలవే ఒక్క పేటలో ఉంది.

మెరుపు.
చందమామ లేచింది, సగం గ్రహణంతో.
దారి తప్పిన కొత్త నెత్తుటి తీగలు,
ఎండిన మడికి నీళ్ళు పెట్టబోయి
ఇల్లు ముంచిన కాలవల్లా.

నేను డాక్టర్ని కాను, చెప్పకూడదు.
"రిపోర్టు ఉత్తరంలో వస్తుందండీ" అన్నాను.
అన్నాక నాలిక కరుచుకున్నాను.

"నేను చదివిపెడతాగా" అంది మనవరాలు.
పదేళ్ళుంటాయేమో.
మంగళవారం, పదకొండు గంటలు.
ఈ ఊళ్ళోనే ఏదో బళ్ళో
ఆ పిల్ల పేరు పక్కన ఇప్పుడే
ఎవరో టిక్కు పెట్టి ఉంటారు.