ఉప్పు మీద తారీకు

నెల ఆఖరుకు శంభులింగం సేటు
నా చేతిల ఎర్ర స్కెచ్ పెన్ను వెడ్తడు.
దేవరకొండ బస్టాండు ఎనక మా కిరాణం,
దాని ఎనక చీకటి అర్ర.
ఒక్కొక్క పాకిట్ తిప్పి
వీపు మీద సన్నగ రాసింది సదువుతుంట.

సేమియా, ఇంక మూణ్నెల్లు.
రవ్వకు పదిరోజులున్నయి,
పురుగు అంతకంటె ముందే లెక్క వెట్టుకున్నది.
బెల్లానికి ఏం రాసిలేదు. చీమలే దాని తారీకు.
ఉప్పు:
ఇరవై నాలుగు నెలలు. నిన్నటితోటి ఒడిసినయి.

పదకొండు పాకిట్లు పక్కకు వెట్టిన.

గప్పుడే నూనె సీస పట్కొని అంతమ్మ ఒచ్చింది.
"గవెందుకు తీస్తున్నవ్ బిడ్డా?"
"డేటు అయిపోయింది అవ్వా."
"దేనికి?"
"ఉప్పుకు."
పోకచెక్క బుగ్గకు నూకి నవ్వింది.
"సముద్రం ఎప్పటిది బిడ్డా?"

నాకేం తెల్సు.
నేను సూసిన పెద్దనీళ్లు సాగర్‌వే,
అవి సప్పగుంటయి.

"మా చిన్నప్పుడు ఉప్పుబండి ఒస్తుండె.
సోలెడు జొన్నలకు సోలెడు ఉప్పు.
కుండల పోస్తే ముసురుకు చెమరిచ్చేది,
ఎండకు రాయయ్యేది,
సచ్చుడైతే ఎరుగదు.
ఎండుశాపకు గడువిచ్చేదే ఉప్పు.
దానికి గడువిచ్చెటోడు ఎవడు పుట్టిండు?"

సేటు ఖాతా పుస్తకంల ఏలు వెట్టి తలెత్తిండు.
"ఉప్పుకు కాదే అంతమ్మా.
అండ్ల అయోడిన్ కలుపుతరు, అది మెల్లగ ఎగిరిపోతది.
కవరు పాతవడి గాలి పీలుస్తది, ఉప్పు గడ్డకడ్తది.
తారీకు లేంది అమ్మొద్దని సర్కారు మాట.
ఇన్ని నెలలకు మేం జమానతు అంటడు కంపినోడు.
ఆ ఎనక ఏమన్నైతే నన్నడగకు అంటడు.
గంతే."

అంతమ్మ జరసేపు ఊకున్నది.
"అంటె ఉప్పు మంచిదే.
మాటకు పురుగు వడ్తదన్నట్టు."

సీసల నూనె పోస్తుంటే మళ్ల తనే అన్నది,
మమ్మల్ని సూడకుంటనే:
"మా నాయిన నా మీద గూడ తారీకు ఏసిండు.
ఐదో ఆడపిల్లను. ఇంగ బందని అంతమ్మ అన్నడు.
నా ఎనక సాలమ్మ పుట్టింది.
సాలమ్మ ఎనక ఇంకొకామె,
ఆమెకు పేరు ఆలోచించే ఓపిక లేక
పోశమ్మని దేవత మీదికి తోసిండు.
మొన్న ముగ్గురం ఒక్క చేన్ల పత్తి ఏరినం.
ఆయన జమానతు ఎన్నడో ఒడిసిపాయె."

సేటు నవ్వబోయి ఆగిండు.

"గండ్లకెల్లి ఒకటియ్యరాదు, పచ్చడికి ఏస్త."
"అమ్మితే నాకు జుర్మానా."
"ఊకెనే ఇయ్యి."
"ఉప్పు ఊకె చేతికిస్తరా? కొట్లాటయితది."
ఆ మాటకు ఇద్దరూ ఒప్పుకున్నరు,
సర్కారు మాట కంటె జల్ది.

కొట్టు ముంగట దొడ్డుప్పు బస్తల
ఐదు రూపాలకు ముంచి పొట్లం గట్టిన.
పొట్లం పాత పేపరుది,
దాని మీద తారీకున్నది గని అది ఉప్పుది కాదు.

రాత్రి షటరు గుంజినం.
డేటున్నయన్ని లోపల, తాళంల.
దొడ్డుప్పు బస్త ఎప్పటిలెక్కనే బయట, అరుగు మీద.
దాన్ని ఎవ్వరు ఎత్కపోరు.
ఒక జామునుంచి ముసురు వట్టింది.

పొద్దున సూస్తే
బస్త అడుగు చెమరిచ్చి
సిమెంటు మీద తెల్లటి వంకరగీత,
అంచులు అప్పటికే ఎండుతున్నయి.
చీపురు చేతిల ఉన్నది గని
దాన్ని ఊడ్వలే.