ఇతరములు

పెద్దాసుపత్రి సూదిగది రిజిస్టరులో
నాలుగో గడి: కరిచిన జంతువు.
అచ్చువేసినవి నాలుగే మాటలు.
కుక్క. పిల్లి. కోతి. ఇతరములు.
సింహాచలం మెట్ల మీద కొబ్బరిచిప్ప లాక్కున్న కోతికి
అప్పుడప్పుడూ ఒక టిక్కు.
మిగతావన్నీ మొదటిదానికే.
పదకొండేళ్ల అలవాటు,
మనిషి గుమ్మంలో ఉండగానే పెన్ను అటు పరుగెడుతుంది.

ఆ పొద్దున ఆరున్నరకి బోని అసిరమ్మ వచ్చింది.
నారింజరంగు కోటు, చీపురు గోడకి ఆనించిన చప్పుడు.
బొటనవేలికి పసుపు, పసుపు మీద గుడ్డపీలిక.

"ఏం కరిచింది?"
"కరవనేదు బాబూ. బయపడింది."

అప్‌ల్యాండ్స్‌లో ఎవరిదో మేడ, సపోటా చెట్టు.
కాయలు దక్కాలని
హార్బరు నుంచి చిరుగుల వల తెచ్చి కప్పారు.
చేపలు మరిచిపోయిన వల
రాత్రి గబ్బిలాన్ని పట్టింది.
"రెక్క మెలిపడిపోనాది బాబూ, సంటిదాని నాగ ఏడుత్తంది.
ఒగ్గీసి ఎలాగెల్తాను?
కొడవలితో తాడు కోసినాను, ఏలు కొరికీసింది.
ఎగిరెలిపోనాది."
ఆ చివరిమాటకి నవ్వింది.

కుళాయి కింద నిలబెట్టాను.
సబ్బు, ధారగా నీళ్లు, గడియారం చూసి పావుగంట.
పసుపు కొట్టుకుపోయాక రెండు గాట్లు కనిపించాయి,
దుఃఖం మధ్యలో ఉండే ఆ రెండు చుక్కలంత.

"ఇంతదానికా సూదులు?"
"ఇంతదానికే."

గబ్బిలం కరిచి ఈ ఊళ్లో ఎవరైనా పోయారా అంటే
నా రిజిస్టరులో లేరు.
లేరు కాబట్టి పోరని చెప్పే ధైర్యం నాకు లేదు.
ఒకసారి కంచరపాలెం కుర్రాడిని తెచ్చారు,
కుక్కపిల్ల, చిన్న గీరుడు, నెల దాటాక.
గ్లాసులో నీళ్లు చూసి గోడలోకి దూరబోయాడు.
ఆ గ్లాసు బీరువా మీదే ఉంది.
దాంట్లో ఎవరం తాగం.

గాయం చుట్టూ మందు, తర్వాత రెండు భుజాలకీ సూది.
"రెండింటికీనా! మరి తుడిసేదెలాగ?"
ఇవాళ, మూడోరోజు, ఏడోరోజు, ఇరవై ఎనిమిదో రోజు,
చీటీ మీద రాసిచ్చాను.
ఇంకెప్పుడూ ఉత్తచేత్తో ముట్టుకోకు అన్నాను.
"ఈపాలి గోతం పట్టుకెల్తాను" అంది.
ముట్టుకోనని మాత్రం అనలేదు.

ఏడోరోజు ఒక కబురు తెచ్చింది.
ఆ మేడవాళ్లు సపోటా చెట్టు కొట్టించేశారట,
జబ్బుల చెట్టని.
వల మాత్రం మడిచి దాచారట.

ఆమె పేరుకెదురుగా ఇతరములకి టిక్కు పెట్టాలి.
పెట్టలేదు.
గడి దాటి, అంచు మీదికి పోతూ
గబ్బిలం అని రాశాను.
పై ఆఫీసు వాళ్లు అడిగితే అప్పుడు చూద్దాం.

ఇవాళ ఇరవై ఎనిమిది.
గది మూసే వేళ దాటింది.
కిటికీ అవతల, సముద్రం మీద వెలుగు తగ్గాక,
ఒకటి, తర్వాత ఏడెనిమిది, తర్వాత లెక్కకి అందనన్ని
ఊరి మీదుగా పళ్ల వాసన వెతుక్కుంటూ పోతున్నాయి.

చీపురు గోడకి ఆనించే చప్పుడు ఇంకా లేదు.
ఆయా తాళం పట్టుకుని నిలబడింది.
ఒక్క పది నిమిషాలు, అన్నాను.
ఇందాకా అదే అన్నాను.