శుక్రారం కంకర బాట

కొత్త తార్రోడ్డు కొండ అవతలి నుంచి పడ్డది.
అప్పటిసంది ఈ పాత బాటకు బండి లేదు,
నీళ్ళ ట్యాంకర్ సుత రాదు.
గ్రేడర్ గీకిన గీతలు అట్లనే ఉన్నయి
ఎవలో దువ్వి మరిచిపోయిన తల లెక్క.

ఆరు రియాళ్ళ సైకిల్ నాది.
క్యాంపు స్టోరుల రొడెల్, మనీలా పోయే ముందు
చెవి పోయిన తాళంతోని సహా అమ్మిండు.
తాళం కోసిన, సీటు దించిన, గొలుసుకు నూనె పోసిన.
బెల్లు లేదు.
ఎవలి కోసం కొట్టాలె?

అల్ హమ్రా దాటేసరికి ఇంకా మసక.
రెండు నీళ్ళ సీసాలు పాత ట్యూబుతోని కట్టుకున్న,
జేబుల నాలుగు ఖర్జూరాలు, ఒక ప్యాచ్ డబ్బా.
టైరు కింద కంకర నమిలినట్టు చప్పుడు,
లావుదైతే పటపట, సన్నదైతే సర్రున.
ఈ చప్పుడు నాకు కొత్త కాదు,
పన్నెండేండ్లు తాండూరుల బండలు కోసినోన్ని.
నీలం బండ ఒక తీరు మోగుతది, పసుపు బండ ఇంకో తీరు.
ఇక్కడి రాయిని నా చెవి ఇంకా గుర్తుపట్టలే గని
నాలుక పట్టింది:
వేలికంటిన పొడి నాకి చూసిన,
అదే సున్నం.
ఆకూ వక్కా తక్కువ, అంతే.

ఇంట్ల నన్ను బస్వరాజ్ అంటరు.
క్రషర్ కాడ ఫోర్‌మన్ గుల్జమాన్
అంత పేరు నోట్ల పట్టక సగానికి ఇరిచిండు: బస్.
ఉర్దూల చాలు అని. అరబ్బీల సుత అదే అర్థమట.
ఆరు రోజులు ఎవలు పిలిచినా
పని ఆపుమన్నట్టే ఇనబడుతది.
ఆపితే ఊకోరు.

మూడో మలుపు కాడ కాళ్ళు ఒప్పుకోలే,
దిగి తోసిన.
పైకెక్కి మర్రి చూస్తే, కింద క్రషర్ బంద్,
దాని మీది ఆకాశం దుమ్ము లేకుంట
కడిగి బోర్లించిన గిన్నె తీరు.
దిగుడుల పెడల్ల మీంచి కాళ్ళు లేపి
ఫోర్‌మన్‌ను నోటికొచ్చింది తిట్టిన.
కొండ రెండుసార్లు చదివి వాపస్ చేసింది,
సంతకం లేని అర్జీ లెక్క.

తుమ్మముల్లు. వెనక చక్రం.
ఐదిండ్ల ఊరు, ఫలజ్ కాలువ, ఒక ముసలాయన.
నేల మీద కర్ర నాటి, నీడ దిక్కు చూస్తున్నడు.
నీడ మూడో రాయి దాటంగనే
కాలువల గుడ్డ చుట్టిన బండ తీసి ఇంకో దిక్కు పెట్టిండు.
నీరటి!
మా దిక్కు నిన్ను నీరటి అంటరు, అని తెలుగులనే చెప్పిన.
ఆయన సలాం అన్నడు.

ట్యూబు నీళ్ళల్ల ముంచబోతే చెయ్యి పట్టుకున్నడు.
ఇది తాగే నీళ్ళు. కిందికి పా, అని సైగ.
కింద, తోట పక్క, నేను ముంచితే
బుగ్గలు వచ్చినకాడ తన వేలు పెట్టి ఆపిండు,
నేను గీకి, జిగురు రాసి, ఆరేదాక.
అప్పటికి నీడ ఇంకో రాయి దాటింది.
ఎవలి వంతుల ఎన్ని నీళ్ళు పోయినయో
లెక్క చెప్పలే.

తర్వాత కావా. చిటికెడంత కప్పు.
ఒకటి, రెండు, ఐదు. పోస్తనే ఉన్నడు.
చాలంటే కప్పు ఊపాల్నట, నాకేం ఎరుక?
బస్, అన్న.
ఆపిండు. నీ పేరేంది, అన్నడు.
బస్, అన్న.
ఆయనకు నవ్వొచ్చింది, నాకు రాలే.
పూర్తి పేరు చెప్పిన, అచ్చరం అచ్చరం.
ఆయన పెదవుల మీద మెల్లగ పెట్టుకున్నడు:
బస్... వ...
వ అంటే అరబ్బీల ‘ఇంకా’.
చాలు, ఇంకా...
అని అక్కడ్నే ఆగి, కూజ వంచి,
మిగతా పేరు కోసం నా దిక్కు చూసిండు.

గాలి సగమే కొట్టిన.
కంకరకు మెత్తటి టైరే నయం.
పదిహేడు కిలోమీటర్లు, ఎండ నెత్తికెక్కింది,
తిరుగుబాటలున్నవి
నేను పొద్దుగాల గీసిన ఒక్క గీత,
దాని పక్కకు ఒక మేక అడుగులు.