చెల్లని కాగితం

నోటీసు వచ్చిందని ఫోను నాకు చెప్పలేదు.
ఫోను చెప్పేవేవీ నా దాకా రావు.
బల్ల మీద అది సన్నగ వణుకుతుంటే
రూతమ్మ చూసి, పిండి అంటిన చేత్తోనే
నా భుజం తట్టింది.

నీ లెక్కకూ బ్యాంకు లెక్కకూ పొత్తు కుదరలేదు,
ముప్పై రోజుల్ల జవాబియ్యమని దాని సారం.
లేదంటే నలభై ఒక వెయ్యి మూడు వందల ఎనభై.

లంగర్‌హౌజ్ చౌరస్తా దాటి
టిప్పుఖాన్ బ్రిడ్జి దిక్కు పోతుంటే తబస్సుమ్ నెట్ సెంటర్.
ఆ పిల్లకు నా సంగతి ఎరికే.
పాడైన జిరాక్సుల వెనక రాసి చూపిస్తది.
నేను నోటితోని, ఆమె పెన్నుతోని.
మా ముచ్చట్ల ఎప్పుడూ సగమే కాగితం మీద మిగులుతది.

'మామా, బ్యాంకోళ్లు అంతా కలిపి జీతమని రాసిన్రు.
గాయం పైసలు గూడ జీతమేనంట.'

గాయం పైసలు!
నేనెన్నడూ వాటికి ఆ పేరు పెట్టలే.
ఇదే గోల్కొండ సెంటర్ల రిక్రూటునై మొదటి గుండు విన్న.
పద్దెనిమిదేండ్లు ఫిరంగుల పక్కన నిలబడ్డ.
ముందుగాల ఎడమ చెవి, ఎనక కుడి చెవి,
సెలవు చీటీ పెట్టకుండనే పోయినై.

'పన్ను పడొద్దంటే రుజువు గావాలె.
నీ అంతట నువ్వు రాలేదని,
పనికిరావని వాళ్లే పంపిన్రని.'

రూతమ్మ నా మొఖం దిక్కు చూసింది.
ఆ కాగితం ఇరవై రెండేండ్ల సంది
బైబిల్ అట్టకూ తొడుగుకూ నడుమ ఉన్నది.
బస్తీల అందరికీ రిటైరయిన అని చెప్పిన.
అల్లునికీ అదే చెప్పిన.
చర్చిల శాలువ కప్పిన నాడు
ఆ మాట మీదనే కప్పించుకున్న.

తెల్లారి తీసుకపోయిన.
గన్నర్ మాదాసు ఎలీషా, ఇన్వాలిడ్.
ముగ్గురు డాక్టర్ల సంతకాలు, ఊదా ముద్ర.
తబస్సుమ్ దాన్ని అద్దం మీద బోర్లేసి మూత పెట్టింది.
పచ్చటి వెలుతురు ఒక్కసారి
ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచింది.

ఓటీపీ చదివి చెప్పిన. ఒక అంకె తప్పు చెప్పినట్టున్న.
తెర మీద ఎర్రగ మళ్లీ అదే మాట: ఇన్వాలిడ్.
'ఎరికేలే' అన్న.
గట్టిగనే అన్నట్టున్న,
ఆధార్ కోసం లైన్ల నిలబడ్డోళ్లంత తిరిగి చూసిన్రు.

తవ్వుతుంటే నా తప్పు గూడ ఒకటి బయటపడ్డది.
డిపాజిట్ వడ్డీ, ఇరవై ఎనిమిది వేలు.
ఫారం నేనే నింపిన. ఆ గడి ఖాళీ.
మరిచిన అందామనుకున్న. మరువలే.
ఎవడు చూస్తడులే అనుకున్న, అంతే.
'ఇది గూడ సరిచేయాల్నా?' రాసింది పిల్ల.
చెయ్యమన్న. అయిదు వేల ఎనిమిది వందల చిల్లర.
రూతమ్మ ఏదో అన్నది.
నేనప్పుడు ఆమె పెదవుల దిక్కు చూస్తలేను.

ఆఖరికి రెండు గుండీలు వచ్చినై.
ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోను.
అంత సర్వీసుల ఆ రెండోది
నా చేతికి ఎవ్వరూ ఇయ్యలే.
మౌసు నాకియ్యమని అడిగి నేనే నొక్కిన.

ఇగ ఎదురుచూసుడే.
రూతమ్మ మెంతికూర బేరంల పడ్డది, నేను ముందు నడిచిన.
బ్రిడ్జి కాడ ఒక ఆటో ఆయన చెయ్యి ఎనకకు చూపించిండు.
తిరిగితే తబస్సుమ్ ఉరికొస్తున్నది,
అద్దం మీద మరిచిన నా కాగితాన్ని
జెండా లెక్క ఊపుకుంట.
ఎంతసేపటి సంది పిలుస్తున్నదో.
పండ్ల బండాయన, పంక్చరు దుకాణపు పోరడు, మా పాస్టరు గారు,
అందరూ అటే చూస్తున్నరు.

తీసుకున్న. మడత పెట్టలే.